పక్షవాతం వచ్చిన మనిషికి ఇంట్లో ఆసరా: ఎవరికి, ఏ పనికి, ఎంత?

పక్షవాతం వచ్చిన మనిషిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే ఊళ్లో సగం మంది పలకరించడానికొస్తారు, తలో సలహా ఇచ్చి వెళ్తారు. వాకరు కొనమని ఒకరు, వీల్‌చైరు తెప్పించమని ఒకరు, పావురం రక్తం రాస్తే నరం లేస్తుందని ఇంకొకరు. మర్నాటికల్లా అరుగు మీద కొత్త వాకరు మెరుస్తూ ఉంటుంది. కుడిచెయ్యి పడిపోయిన మనిషి, రెండు చేతులూ ఆనిస్తేగానీ కదలని వాకరును ఎలా పట్టుకుంటారన్నది మాత్రం ఎవరికీ తట్టదు. నెల తిరిగేసరికి దాని మీద తువ్వాళ్లు ఆరుతుంటాయి.

జబ్బు పేరు చూసి సామాను కొంటే ఇంతే. పాలకొల్లులో రిటైరైన మాస్టారికి వచ్చిందీ పక్షవాతమే, అంబాజీపేటలో కొబ్బరి దింపు కార్మికుడికి వచ్చిందీ పక్షవాతమే. ఒకరికి నడక తిరిగొచ్చి మాట పోయి ఉంటుంది. ఇంకొకరికి మాట గలగలా వస్తుంది గానీ ఎడమపక్కన గోడ ఉందన్న సంగతే మెదడుకు అందదు. కాబట్టి రోజూ చేసే ఒక్కో పనిని అడుగులుగా విడగొట్టాలి. మనిషి ఏ అడుగు దగ్గర ఆగిపోతున్నారో కనిపెట్టాలి. ఆసరా అక్కడే ఇవ్వాలి. తక్కువైతే పడిపోతారు. ఎక్కువైతే, వచ్చిన పనిని కూడా మరిచిపోతారు, ఈ రెండోది ఎవరి కంటా పడదు.

మొదటి రోజే చూడాల్సినవి

మిగతా వాటికి మూడు రోజులు ఆగొచ్చు. మింగడం, పక్క తిప్పడం, భుజం, ఈ మూడింటికీ ఆగకూడదు.

మింగడం సంగతి ఆస్పత్రి వదిలే ముందే అడగండి: "నోటితో ఏది పెట్టొచ్చు, ఎంత చిక్కగా పెట్టాలి?" ఇంట్లో పెట్టేటప్పుడు మనిషి పూర్తిగా మెలకువగా ఉండాలి, నడుము నిటారుగా ఉండాలి. నీళ్లు పట్టొచ్చని డాక్టరు చెప్పి ఉంటేనే ముందు ఒక చిన్న చెంచా ఇచ్చి చూడండి. దగ్గు వచ్చినా, గొంతులో నీళ్లు గురగురలాడుతున్నట్టు మాట తడిగా వినిపించినా ఆపేసి డాక్టరుకు చెప్పాలి. కొందరికి దగ్గే రాదు. మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా బయటికి తెలియదు, మాటిమాటికీ జ్వరం, ఆయాసం వస్తుంటాయి. అలాంటివాళ్లకు ముక్కు గొట్టం అవసరమేమో డాక్టరే తేల్చాలి.

మింగడం కష్టంగా ఉన్నవాళ్లకు మన వంటల్లో అన్నిటికంటే ప్రమాదం, మెత్తగా ఉంటుందని అందరూ పెట్టే చారన్నమే. పలచటి చారు ముందే గొంతులోకి జారిపోతుంది, మెతుకు నోట్లోనే ఉండిపోతుంది. రెండు రకాల పదార్థాన్ని ఒకేసారి సంబాళించడం బలహీనపడిన గొంతుకు చేతకాదు. పలచటి మజ్జిగన్నం కూడా అంతే. కొబ్బరినీళ్లు నీరసానికి మంచివని తెచ్చి తాగిస్తారు, అవి నీళ్లంత పలచన. పైగా మూత్రపిండాల జబ్బు ఉంటే వాటిలోని పొటాషియం ఇంకో తంటా. చెంచాలోంచి నెమ్మదిగా జారేంత చిక్కటి రాగి జావ, ఒకే ముద్దగా మెత్తగా చేసిన పప్పన్నం చాలామందికి నయం. ఎంత చిక్కదనం అన్నది మాత్రం మనిషిని చూసి డాక్టరో స్పీచ్ థెరపిస్టో చెప్పాలి. పులస చేప సీజన్లో ఆశపడ్డా పెట్టకండి, దాని ముళ్లు బాగున్నవాళ్లనే ఏడిపిస్తాయి. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. పడిపోయిన పక్క బుగ్గలో మెతుకులు ఉండిపోయాయేమో వేలితో కాదు, తడిగుడ్డ చుట్టిన చెంచాతో చూడాలి.

మంచం మీంచి తనంతట తాను కదలలేని మనిషిని రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పాలి. పూర్తిగా కాకుండా 30 డిగ్రీలు ఒరిగేలా వీపు వెనక దిండు పెడితే తుంటి ఎముక మీద బరువు పడదు. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. నవారు మంచం కుంగుతుంది కాబట్టి నడుము కింద ఒత్తిడి ఎక్కువ, లేవడానికి ఆనిక కూడా దొరకదు. దాని మీద ప్లైవుడ్ పలక పరిచి, పైన 10 సెంటీమీటర్ల నురుగు పరుపు వేయండి. మన గోదావరి డెల్టా ఉక్కలో చర్మం చెమటకు నాని తొందరగా చీరుకుపోతుంది, రెగ్జిన్ ముక్క ఒంటికి తగిలేలా వేయకూడదు, పైన నూలు దుప్పటి ఉండాల్సిందే. ఎర్రబడ్డ చోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది పుండుకు మొదలు. అక్కడ నూనె పెట్టి రుద్దకూడదు, బరువు పడకుండా తప్పించాలి.

ఇక భుజం. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపడం, చంకల కింద చేతులు పెట్టి ఎత్తడం, ఈ రెండూ వదిలేయండి. కండ బలం లేని భుజం కీలు జారుతుంది. ఆ నొప్పి నెలల తరబడి ఉండి వ్యాయామం మొత్తాన్ని ఆపేస్తుంది. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉండాలి. స్పర్శ తెలియని చోట వేడినీళ్ల కాపడం పెడితే కాలుతున్నా వాళ్లకు తెలియదు.

మూడు రోజుల పుస్తకం

ఇక మూడు రోజులు ఏమీ కొనకండి. పిల్లల రూళ్ల నోటుపుస్తకం ఒకటి తీసుకుని పది పనులు రాయండి: తినడం, పక్క మార్చడం, లేచి కూర్చోవడం, నిలబడటం, నడవడం, మెట్లు, మూత్రం, దొడ్డికి వెళ్లడం, స్నానం, బట్టలు. ఒక్కోదానికీ సాయం ఎంత పడుతోందో అంకె వేయండి.

0 – తనంతట తాను
1 – పక్కన ఎవరైనా నిలబడితే చాలు
2 – నోటితో చెబుతూ ఉండాలి
3 – చెయ్యి ఆనించాలి
4 – సగం బరువు మనం మోయాలి
5 – మొత్తం మనమే

వైద్యులు వాడే బార్తెల్ సూచిక కూడా ఇలా పది పనులకు వందకు మార్కులు వేసేదే, 1965 నుంచి వాడుకలో ఉంది. ఇంటికి ఈ అంకెలు చాలు.

ఒకే రోజు మూడుసార్లు రాయాలి: పొద్దున లేవగానే, మధ్యాహ్నం భోజనమయ్యాక, రాత్రి. పొద్దున 1 ఉన్న నడక మధ్యాహ్నం 4 అవుతుంది. పక్షవాతం తర్వాత వచ్చే అలసట మామూలు నీరసం లాంటిది కాదు, మే నెల ఉక్కలో మరీనూ. పొద్దున చూసి "బానే నడుస్తున్నారుగా" అని మధ్యాహ్నం ఒంటరిగా వదిలితేనే పడిపోతారు. అంకె పక్కన ఇంకో సంగతి రాయండి, ఆ వేళ ఇంట్లో ఎవరున్నారో. కొడుకు కువైట్‌లో, కోడలు పదింటికి పనికి పోతే, పదకొండింటికి ఉండేది డెబ్భై ఏళ్ల భార్య ఒక్కరే. ఆవిడ 4 అంకె సాయం చేయలేరు. అంటే ఆ వేళకు కావాల్సింది వేరే మనిషి, లేదంటే ఆ పనిని వేరే వేళకు జరపడం. సామానుతో తీరేది కాదు.

ఒక పనిని విడగొట్టి చూద్దాం: దొడ్డికి వెళ్లడం

అన్ని ఇళ్లలోనూ ఎక్కువ గొడవ దీనితోనే, పరువుతో ముడిపడిన పని కూడా ఇదే. మన వైపు చాలా ఇళ్లకు బాత్రూం పెరట్లో ఉంటుంది. మంచం నుంచి అక్కడికి వెళ్లి రావడంలో పన్నెండు అడుగులున్నాయి: వస్తోందని తెలియడం, చెప్పడం, లేచి కూర్చోవడం, నిలబడటం, పెరటి దాకా నడవడం, గడప దాటడం, గడియ తీయడం, బట్ట సర్దుకోవడం, కూర్చోవడం, కడుక్కోవడం, లేవడం, తిరిగి రావడం. "బాత్రూంకి వెళ్లలేరండీ" అని ఒక్క మాటలో తేల్చేసి డైపరు వేసేస్తారు. నిజానికి ఆగింది పన్నెండింట్లో రెండు చోట్లే అయి ఉంటుంది.

చెప్పడం దగ్గర ఆగితే, అంటే మాట రాక పక్క తడిపేస్తుంటే, మంచానికి బాగున్న చేతి వైపు సైకిల్ బెల్లు బిగించండి. రెండు మూడు గంటలకోసారి మనమే అడగడం, తీసుకెళ్లడం మొదలుపెడితే నెమ్మదిగా చాలామందికి అలవాటు కుదురుతుంది.

నిలబడటం దగ్గర ఆగితే ముందు మంచం ఎత్తు కొలవండి. అంచున కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, తుంటి మోకాలి కంటే కాస్త పైన ఉండాలి. చాలామందికి 45 నుంచి 50 సెంటీమీటర్లు సరిపోతుంది. ఎత్తు పెంచడానికి మంచం కోళ్ల కింద ఇటుకలు పెడితే జారతాయి. మధ్యలో గుంత తీసిన చెక్క దిమ్మలు చేయించండి. లేచేటప్పుడు పాదాలు వెనక్కి లాక్కోవాలి, ముక్కు కాలివేళ్ల మీదకు వచ్చేదాకా ముందుకు వంగాలి, అప్పుడు లేవాలి. వెనక్కి వాలి లేవబోయేవాళ్లు మళ్లీ మంచం మీదే పడతారు, మనం బలం లేదనుకుంటాం. సాయం చేసేవాళ్లు నడుముకు పంచె మడిచి గట్టిగా చుట్టి దాన్ని పట్టుకోవాలి.

గడప దగ్గర ఆగేది వేలాడే పాదం. వీధి గడపకు పసుపు రాసి ఉంటుంది కాబట్టి కంటికి ఆనుతుంది. బాత్రూం గడప సిమెంటు రంగులో కలిసిపోతుంది. దానికి పసుపుపచ్చ పెయింటు పట్టీ వేయండి. వేళ్లు అప్పటికీ తగులుతుంటే పాదాన్ని ఎత్తి పట్టే స్ప్లింటు గురించి ఫిజియోథెరపిస్టును అడగండి.

బట్ట దగ్గర: లుంగీ ముడి ఒంటిచేత్తో కుదరదు, ఎలాస్టిక్ పైజామా కుదురుతుంది. ఆడవాళ్లకు పగలు నైటీ. చీరే కట్టుకుంటామంటే లోపలి లంగాకు బొందు తీసి ఎలాస్టిక్ వేయించండి.

కూర్చోవడానికి, కింద కూర్చునే దొడ్డి అయితే దాని మీద అమర్చే కమోడ్ స్టూలు. ఎత్తు మంచానికి చెప్పిన లెక్కే. నాలుగు కాళ్లకూ రబ్బరు బుష్‌లు ఉండాలి, తడి టైల్స్ మీద ఒక్కటి ఊడినా స్టూలు తిరుగుతుంది. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో కన్నం కోసి వాడతారు, బరువైన మనిషికి అది చీలుతుంది.

కడుక్కోవడం గురించి ఎవరూ మాట్లాడరు. మనం కుడిచేత్తో చెంబు వంచి ఎడమచేత్తో కడుక్కుంటాం. ఏ చెయ్యి పడిపోయినా రెండోది ఒక్కటే ఆ రెండు పనులూ చేయలేదు. బాగున్న చేతి వైపు, కూర్చున్నచోటు నుంచి అందే ఎత్తులో నీళ్ల స్ప్రే బిగిస్తే చాలు. పన్నెండు అడుగుల్లో ఇక్కడొక్కచోటే ఆగిన మనిషికి, కోడలి చేత కడిగించుకోవాల్సిన అవసరం కొద్ది ఖర్చుతో తప్పిపోతుంది.

పట్టుకునే కడ్డీకి అంగుళం జీఐ పైపు సరైన లావు, బయట కొలత దాదాపు 34 మిల్లీమీటర్లు. నేల నుంచి 80–90 సెంటీమీటర్ల ఎత్తులో, గోడకు నాలుగైదు సెంటీమీటర్ల ఎడంతో బిగించాలి. అంతకంటే ఎడం ఉంటే మోచెయ్యి జారి ఇరుక్కుంటుంది. చేసే తప్పేమిటంటే, వెళ్లేటప్పుడు కుడిచేతికి అందేలా ఒకే పక్క కడ్డీ వేస్తారు. వచ్చేటప్పుడు అదే కడ్డీ పడిపోయిన ఎడమచేతి వైపుకు వస్తుంది. రెండు పక్కలా వేయాలి. పెరటి దారికి తాత్కాలికంగా సరుగుడు కర్రలు పాతొచ్చు, 60 సెంటీమీటర్లు లోతుకు దించి, వానాకాలంలో నేల మెత్తబడుతుంది కాబట్టి వారానికోసారి ఊపి చూసుకోవాలి. కొబ్బరి తాడు కట్టకండి. మనిషి బరువు వేయగానే తాడు కుంగుతుంది, మనిషి దానితో పాటే వెళ్తారు.

అన్నం, చెయ్యి

కుడిచెయ్యి పడిపోయినవాళ్లలో కొందరు తిండి తగ్గించేస్తారు. ఆకలి లేదంటారు. చాలాసార్లు అది ఆకలి సంగతి కాదు, నలుగురిలో ఎడమచేత్తో అన్నం కలపడానికి సిగ్గు. తినిపిస్తే తింటారు కాబట్టి ఇంట్లోవాళ్లు తినిపించడం మొదలుపెడతారు, అంకె 1 నుంచి 5కు దూకేస్తుంది. చెంచా ఇవ్వండి, పిడికి పాత సైకిల్ ట్యూబు ముక్క నాలుగు చుట్లు చుడితే పట్టు జారదు. పళ్లానికి బదులు నిటారు అంచున్న వెడల్పు గిన్నె, దాని కింద తడిపి పిండిన గుడ్డ. మొదటి వారం ఒక్కరికే విడిగా వడ్డించండి, చెయ్యి కుదిరాక పంక్తిలోకి వస్తారు.

ఎడమపక్క పడిపోయినవాళ్లలో ఇంకో రకం చూస్తాం: పళ్లెంలో కుడి సగం తిని "అయిపోయింది" అంటారు. కళ్లు బాగానే ఉంటాయి, మెదడు ఎడమ సగాన్ని లెక్కలోకి తీసుకోదు. పళ్లెం తిప్పిపెడితే ఆ పూటకు సరిపోతుంది. అసలు సాయం, ఎడమ అంచున ఎర్ర పట్టీ అంటించి "ఎర్రది కనబడేదాకా చూడండి" అని ప్రతి పనిలోనూ గుర్తుచేయడం. వీళ్లు చకచకా మాట్లాడతారు, నడుస్తారు, అందుకే బాగైపోయారనుకుని రోడ్డు మీదకు పంపుతారు. అలా పంపకండి. నడక అంకె 0 ఉన్నా వీళ్లకు పక్కన మనిషి ఉండాల్సిందే.

నడక సామాను: కొలిచి కొనండి

కర్ర బాగున్న చేతిలో ఉండాలి. చెప్పులు వేసుకుని నిలబడి చెయ్యి వేలాడదీస్తే, మణికట్టు ముడత ఎత్తుకు కర్ర పిడి రావాలి. ముందు కర్ర, తర్వాత పడిపోయిన కాలు, ఆ తర్వాత బాగున్న కాలు. ఒంటి కర్రతో ఊగుతుంటే నాలుగు కాళ్ల కర్ర. తోడు నడిచేవాళ్లు పడిపోయిన పక్కన, కాస్త వెనగ్గా ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు.

వరదలకు భయపడి మన ఇళ్లు ఎత్తు పునాది మీద కడతారు కదా, వీల్‌చైరు అనగానే ర్యాంపు మాట వస్తుంది. ఎత్తుకు పన్నెండు రెట్ల పొడవుండాలి. 45 సెంటీమీటర్ల అరుగుకు 5.4 మీటర్లు. దానికన్నా నిటారుగా పోస్తే వెనక తోసేవాళ్లూ జారతారు. నున్నగా పాలిష్ చేయించకండి, ఆషాఢం నాటికి పాకుడు పడుతుంది, తడి మీదే చీపురుతో గీతలు గీయించండి. అసలు నడవగలిగిన మనిషికి ర్యాంపు అక్కర్లేదు, మెట్టుకు మెట్టుకు మధ్య ఎత్తు తగ్గించి కడ్డీ వేస్తే అదే మేలు, కాలికి పనీ ఉంటుంది.

వీల్‌చైరుకు మూడు కొలతలు. కూర్చున్నప్పుడు తుంటి వెడల్పుకు రెండు పక్కలా కలిపి 5 సెంటీమీటర్లు కలపాలి. పిరుదుల వెనక నుంచి మోకాలి వెనక వరకు కొలిచి 5 సెంటీమీటర్లు తీసేయాలి. మూడోది సీటు ఎత్తు: ఒక చెయ్యి, ఒక కాలు బాగున్నవాళ్లు ఆ కాలితో నేలను తన్నుకుంటూ కుర్చీ నడుపుకోగలరు, కానీ మడమ నేలకు ఆనేంత కిందికి సీటు ఉంటేనే. బజారులో దొరికే 18 అంగుళాల సీటులో సన్నటి మనిషి ఒక పక్కకు ఒరిగిపోతారు, ఒరిగిన భుజమే తర్వాత నొప్పెడుతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో పెట్టే శిబిరాల్లో ఉచితంగా ఇచ్చేది తీసుకునేటప్పుడు కూడా ఈ కొలతల చీటీ జేబులో పెట్టుకెళ్లండి.

ఆంధ్రప్రదేశ్‌లో, సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. సదరం పరీక్షకు స్లాటు సంగతి గ్రామ సచివాలయంలో చెబుతారు.

మాట

మాట పోయింది అంటే ఏం పోయిందో విడదీయాలి. చేత్తో చూపించకుండా "కిటికీ ఎక్కడుంది?" అని అడగండి. అటు చూస్తే అర్థమవుతోందన్నమాట. "ఇది నరసాపురమా?" లాంటి, జవాబు మనకు తెలిసిన ప్రశ్నలు ఓ పది అడిగి, అవును కాదు తలూపడం ఎన్నింటికి సరిగ్గా వస్తోందో చూడండి. అది నమ్మకంగా లేకపోతే "నొప్పిగా ఉందా?" అని అడిగి తలూపారని మాత్ర వేయడం పొరపాటు. వాళ్లకు రెండు వస్తువులు ఎదురుగా పెట్టి ఎంచుకోనివ్వాలి.

అర్థమై మాట రానివాళ్లకు ఫోనులో ఓ ఇరవై ఫొటోలు చాలు. ఎక్కడివో బొమ్మలు కాదు, వాళ్ల గ్లాసు, వాళ్ల బాత్రూం తలుపు, వాళ్ల ఫ్యాను, పెద్దమ్మాయి, చిన్నబ్బాయి. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి, మధ్యలో అందించకండి. గట్టిగా అరవకండి, వాళ్ల చెవులు బాగానే ఉన్నాయి. మాస్టారిని చంటిపిల్లాడిలా బుజ్జగిస్తే ముఖం తిప్పుకుంటారు, అది మొండితనం కాదు. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడింట ఒక వంతు మందికి దిగులు జబ్బుగా ముదురుతుంది. రెండు వారాలకు పైగా నిద్ర, తిండి, వ్యాయామం మీద ఆసక్తి పోతే డాక్టరుకు చెప్పాలి, దానికి మందులున్నాయి.

తగ్గించడం

పదిహేను రోజులకోసారి మూడు రోజుల పుస్తకం మళ్లీ రాయండి. ఒక పని అంకె వరుసగా మూడు రోజులు తగ్గితే ఆసరా ఒక మెట్టు తీసేయాలి. నిలబడటమే చూడండి: కుర్చీలో బొంత నాలుగు మడతలు వేసి ఎత్తు చేసి, పూటకు ఐదు నుంచి పదిసార్లు లేచి కూర్చోవడం, రోజుకు మూడు పూటలు. సునాయాసంగా వస్తుంటే ఒక మడత తీయండి. నాలుగో మడత తీసే నాటికి మామూలు కుర్చీలోంచి లేస్తుంటారు. బీపీ 180/110 దాటిన రోజు వ్యాయామం ఆపి డాక్టరుకు ఫోను చేయాలి.

అంకెలు నెమ్మదిగా పెరుగుతుంటే ఆసరా మార్చాలి. ఒక్కసారిగా పెరిగితే, మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట ముద్దగా వచ్చినా, 108కి ఫోను చేసి సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. గోదావరి లంకల్లో ఉన్నవాళ్లు పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కే సమయం కూడా అందులోంచే తీసేయాలి.

వరద వస్తే

లంక గ్రామాల్లో ఈ ప్రణాళికకు ఇంకో పేజీ ఉండాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మిగతా ఇంట్లోవాళ్లు రెండోదాకా ఆగినా, సాయం అంకె 4, 5 ఉన్న మనిషిని మొదటి హెచ్చరికకే బంధువుల ఇంటికి చేర్చాలి. 2022 జులైలో బ్యారేజీ నుంచి వదిలిన నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటప్పుడు మంచం పట్టిన మనిషిని ఎత్తి పడవలో పెట్టడానికి నలుగురు కావాలి, నలుగురూ తలో పనిలో ఉంటారు.

రెండు వారాల మందులు, మందుల చీటీ, సదరం సర్టిఫికెట్ నకలు, అంకెల పుస్తకం ఒక ప్లాస్టిక్ కవరులో కట్టి జూన్ నెలాఖరుకే సిద్ధం చేసుకోండి. వెళ్లే ఇంట్లో బాత్రూం ఎలా ఉందో ముందే చూసి, కమోడ్ స్టూలు అక్కడికి పంపేయండి. చేతుల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ముందొకరు వెనకొకరు మోసుకెళ్లొచ్చు, కానీ పడవలోకి చేరాక కుర్చీలో ఉంచకూడదు. పడవ ఊగితే కుర్చీతో సహా ఒరుగుతారు. అడుగున పరుపు వేసి, బాగున్న చేతికి పడవ అంచు అందేలా కూర్చోబెట్టి, పడిపోయిన పక్కన మనిషి ఆనుకుని కూర్చోవాలి.